కీళ్లవాతం ఉన్నవాళ్లు వాపు తగ్గించే పథ్యం ఎలా పాటించాలి?

మా వీధిలో ఎవరికి వేళ్లు వాచినా ముందు మా ఇంటికే వస్తారు. నాకు ఈ కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, వచ్చి పదకొండేళ్లయింది. విజయనగరంలో దొరికే సరుకులతోనే, మా అమ్మ వండిన పద్ధతిలోనే ఈ పథ్యం చేసుకుంటూ వస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అప్పటికే ఏదో ఒకటి మొదలుపెట్టి చెడగొట్టుకుని ఉంటారు. ఒకరు అన్నం, పప్పు, చేప అన్నీ ఒకేసారి మానేసి నెల తిరిగేసరికి చిక్కి సగమైపోతారు. ఇంకొకరు పొద్దున్నే పసుపు నీళ్లు తాగి, సాయంత్రం గంటస్తంభం దగ్గర బజ్జీలు తింటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు. మందులు ఆపొద్దు. ఈ జబ్బులో మన ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. నొప్పి తగ్గిందంటే లోపల కీలు పాడవడం ఆగిపోయిందని కాదు. రెండోది కిడ్నీ. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనకు దూరమేమీ కాదు, అక్కడ చుట్టాలున్న ఇల్లు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. నేను ఇక్కడ మంచివని చెప్పబోయే ఆకుకూరలు, పప్పులు, గింజలే కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం పెంచి ప్రాణం మీదకు తెస్తాయి. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరుకి చూపించాకే మొదలుపెట్టండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా అడక్కుండా ఆకుకూరలు పెంచకూడదు.

సరుకులు తేలికే. చోళ్లు (రాగులు), కొర్రలు, దంపుడు బియ్యం, పెసలు, ఉలవలు, అవిసె గింజలు, గానుగ నువ్వుల నూనె, ఆకుకూరలు. చోడి పిండి ప్యాకెట్ కొనకండి, చోళ్లు కడిగి ఎండబెట్టి మర పట్టించాలి. అవిసె గింజలు దోరగా వేయించి పొడి కొట్టాలి. గింజలుగా మింగితే అలాగే బయటికి పోతాయి. చేప తినేవాళ్లు వారానికి రెండుసార్లు కవళ్లు గానీ కానాగంతలు గానీ తెచ్చుకోండి. చింతపల్లి, ముక్కాం వైపు నుంచి వచ్చే ఈ చేపలు వంజరం కంటే చవక, వాపు తగ్గించే ఒమేగా-3 కొవ్వు వీటిలో బాగా ఉంటుంది. పులుసే పెట్టాలి, వేపుడు వద్దు.

పొద్దున చోడి అంబలి. మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నం, ఆకుకూర వేసిన పప్పు, పులుసు. రాత్రి ఏడున్నరలోపు కొర్రన్నమో పెసరట్టో. పంచదార, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు, డాల్డా, నూనెలో దేవినవి పూర్తిగా మానాలి. మన వైపు పులుసులోనూ ఆనపకాయ కూరలోనూ బెల్లం పడాల్సిందే కదా, ఆ ముక్క సగం చేయండి. ఒంటికి చేరాక బెల్లమూ చక్కెరే.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఈ తిండి అలవాటయ్యాక, మీకు పడదని అనుమానం ఉన్నవాటిని కొన్నాళ్లు ఆపి, మళ్లీ తిని చూడాలి. పాలు, గోధుమ, వంకాయ, టమాటా, ఇలా నాలుగుకు మించి ఆపకండి. మూడు వారాలు చాలు. చేప, గుడ్డు, పప్పు అన్నీ ఒకేసారి ఆపితే కండ కరిగిపోతుంది, అసలే ఈ జబ్బులో కండ తగ్గుతుంది. ఏదైనా తిన్నప్పుడు ఎప్పుడైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే దాన్ని ఇంట్లో పరీక్షించనే వద్దు.

మూడు వారాల తర్వాత ఒక్కటే తిరిగి తినాలి. పాలు అనుకోండి. మొదటి రోజు అర గ్లాసు, రెండో రోజు మామూలుగా. తర్వాత మూడు రోజులు మళ్లీ ఆపి చూడాలి, ఎందుకంటే తిన్న మర్నాడే వాపు కనిపించాలని లేదు. ఆ ఐదు రోజుల్లో కొత్తది ఇంకేదీ నోట్లో పెట్టకూడదు. రోజూ నోట్‌బుక్‌లో రాయాలి. నొప్పికి పదికి ఇన్నని మార్కులు వేస్తారు కొందరు, అది మనసు బాగుంటే ఒకలా, టెన్షన్‌లో ఒకలా ఉంటుంది. నేను లేవగానే గోడ గడియారం చూస్తాను. కుడిచేయి బొటనవేలు లోపల పెట్టి నాలుగు వేళ్లూ దాని మీద పూర్తిగా ముడుచుకునే వరకు మెల్లగా ఆడిస్తాను. పిడికిలి పడ్డాక మళ్లీ గడియారం చూసి, మధ్యలో పట్టిన నిమిషాలు రాస్తాను. పక్కనే రాత్రి నిద్ర ఎలా పట్టిందో, మాత్ర వేసుకున్నానో లేదో, జ్వరం ఉందో కూడా రాస్తాను. ఇవి రాయకపోతే తప్పంతా తిండి మీదకే పోతుంది.

నేనూ ఒకసారి ఇది పాడుచేసుకున్నాను. మూడు వారాలు నిష్ఠగా ఉండి, సరిగ్గా పైడితల్లి పండగ దగ్గర పరీక్ష మొదలుపెట్టాను. తొలేళ్ల రాత్రి ఇంటికి చుట్టాలొచ్చారు. పాలు మొదలుపెట్టిన రెండో రోజే బూరెలు, గారెలు, వంకాయ కూర అన్నీ తిన్నాను, నిద్ర లేదు. మర్నాడు సిరిమాను చూడటానికి వెళ్లి జనంలో గంటలు నిలబడ్డాను. బుధవారం పొద్దున పిడికిలి పడటానికి గంటన్నర పట్టింది. పాలదా, నూనెదా, నిలబడటందా ఎలా చెప్పను? మూడు వారాలూ మళ్లీ మొదటి నుంచి ఉండాల్సి వచ్చింది. పండగ, పెళ్లి, ప్రయాణం ఉన్న వారంలో మొదలుపెట్టకండి.

ఒక్కసారి నొప్పి వచ్చిందని ఆ వస్తువుని కొట్టేయకూడదు. రెండు వారాలాగి మళ్లీ అదే వరసలో తిని చూడాలి. రెండుసార్లూ నిమిషాలు పెరిగితేనే మానాలి. నాకు పాలు రెండుసార్లూ ఇరవై నిమిషాలని యాభై చేశాయి, పెరుగు ఏమీ చేయలేదు. వంకాయ వాతమని మా ఇంట్లో పెద్దలందరూ అంటారు. రెండుసార్లూ నిమిషాలు కదల్లేదు, హాయిగా తింటున్నాను. మా వీధిలో ఒకావిడ ఎవరో చెప్పారని మూడేళ్లుగా టమాటా ముట్టలేదు. ఒక్కసారైనా తిని చూడలేదు. మీకు పడనిది ఏదో మీ నోట్‌బుక్కే చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు.

పసుపు బిళ్లల గురించి చెప్పకుండా ఉండలేను. కూరలో పసుపు, మిరియం వేసుకోండి, మిరియంతో పసుపు ఒంటికి బాగా పడుతుంది. కానీ డబ్బాల్లో వచ్చే గాఢమైన పసుపు బిళ్లలతో కొందరికి లివర్ దెబ్బతిన్న దాఖలాలున్నాయి. ఈ జబ్బుకి మనలో చాలామంది వేసుకునే మెథోట్రెక్సేట్ మందుతో కూడా లివర్ మీద కన్నేసి ఉంచాలి. రెండూ కలపకండి. అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాలు కూడా తిండి విషయంలో కూరగాయలు, ముడి ధాన్యాలు, చేప, మంచి నూనె ఉన్న మెడిటరేనియన్ (మధ్యధరా సముద్ర తీర దేశాల) తరహానే సూచించాయి, సప్లిమెంట్లు వద్దన్నాయి. అక్కడి ఆలివ్ నూనె బదులు నేను మన నువ్వుల నూనె వాడుతున్నాను.

మూడు నెలలకు, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు మళ్లీ చేయించండి. డాక్టరు దగ్గరికి ఆ రిపోర్టులతో పాటు నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లి నిమిషాలు చూపించండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది అవి రెండూ చూసి డాక్టరే చెప్పాలి.