పౌరహక్కుల నాయకుడి ఇంటిని జాతీయ చారిత్రక స్థలంగా నిలబెట్టాలంటే

అమెరికా పౌరహక్కుల నాయకులు ఉన్న ఇళ్లలో చాలా వాటికి గొప్ప శిల్పమేమీ ఉండదు. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో మెడ్గర్ ఎవర్స్ కుటుంబం ఉన్నది చిన్న ఒంటి అంతస్తు ఇల్లు. దానికి వీధివైపు తలుపు లేదు, కారు పెట్టే చోటు పక్కనుంచే లోపలికి వెళ్లాలి. తూటాలు తగలకుండా పిల్లల పరుపులు కిటికీ మట్టానికి కింద, నేలమీదే వేసేవారు. 1963 జూన్ 12న ఎవర్స్‌ను కాల్చి చంపిన తూటా కిటికీలోంచి దూసుకొచ్చి, గోడను తొలుచుకుని వంటగదిలోకి పోయింది. ఆ ఇంటికి విలువ వచ్చింది ఇలాంటి వాటివల్లే. బాగుచేస్తామని దిగితే ముందు పోయేవీ ఇవే.

అందుకే మేస్త్రీని పిలవకముందే ప్రతి గదీ కొలిచి నక్షా గీయండి. ప్రతి గోడనూ, కిటికీనీ, తలుపునూ విడివిడిగా ఫొటో తీయండి. పాత రంగు తెలియాలంటే స్విచ్ బోర్డు పలక విప్పి, దాని వెనక చెయ్యి పడని చోట చిన్న నమూనా తీయించండి. 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగులో సీసం, నేల పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, పరీక్ష చేయించకుండా గీకనివ్వకండి.

తర్వాత ఏ ఏళ్లను చూపించాలో తేల్చుకోండి. నాయకుడు అక్కడ ఉండి పనిచేసిన ఏళ్లే లెక్కలోకి వస్తాయి. పుట్టిన ఇల్లు అన్నంత మాత్రాన మామూలుగా జాతీయ రిజిస్టరులోకి, అంటే అమెరికా ప్రభుత్వపు చారిత్రక స్థలాల జాబితాలోకి, తీసుకోరు. ఇది తేలకపోతే ఒక గదిలో 1956 కిటికీ, పక్క గదిలో 1980ల తలుపు మిగిలి, చూసేవాళ్లకు ఏదీ అర్థం కాదు.

ఆస్తి హక్కు చిక్కు అన్నిటికంటే మొండిది. వీలునామా లేకుండా పోయినవారి ఇల్లు చాలామంది వారసుల ఉమ్మడి ఆస్తి అవుతుంది. వారి సంతకాలు, అప్పుల వివరాలు ముందే తెచ్చుకోండి. రిజిస్టరు దరఖాస్తు రాష్ట్ర చారిత్రక సంరక్షణ కార్యాలయానికి వెళ్తుంది. అక్కడి సమీక్షా మండలి ఒప్పుకుంటే జాతీయ రిజిస్టరు అధికారికి చేరుతుంది, ఆయన 45 రోజుల్లో తేలుస్తారు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: రిజిస్టరులో పేరెక్కినా, సొంత డబ్బుతో ఇల్లు కూల్చుకునే యజమానిని అది ఆపదు. ఆపగలిగేది స్థానిక నగర చట్టమే. కాబట్టి రెండూ సాధించాలి.

జాతీయ పార్కులనూ చారిత్రక స్థలాలనూ చూసుకునే కేంద్ర సంస్థ పార్క్ సర్వీసు చేతికి ఇల్లు వెళ్లాలంటే ఇంకా పెద్ద దారి. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టమో, జాతీయ స్మారకాలను ప్రకటించే అధికారం అధ్యక్షుడికి ఇచ్చిన 1906 చట్టం కింద ఆయన ప్రకటనో కావాలి. ఎవర్స్ ఇంటికి 2017లో జాతీయ చారిత్రక ల్యాండ్‌మార్క్ హోదా, 2019లో కాంగ్రెస్ అనుమతి వచ్చాయి. అప్పటి యజమాని టూగలూ కాలేజీ ఇంటిని ప్రభుత్వానికి అప్పగించాక 2020లో అది జాతీయ స్మారకమైంది.

మరమ్మతుల్లో సూత్రం ఒకటే: పాతది నిలబెట్టగలిగితే మార్చకూడదు. ఇసుక చిమ్మి ఇటుకలు కడగకండి. పైపొర పోయి ఇటుక నీరు పీలుస్తుంది. సున్నంతో కట్టిన పాత గోడల సందుల్లో గట్టి సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక ఇటుక అంచులు రాలిపోతాయి. ఉక్కపోత ప్రాంతాల్లో ఏసీని మరీ చల్లగా పెడితే గోడలోపల నీరు చేరి బూజు పడుతుంది. ఆ కాలపు ఫొటోల్లో లేని సామాను పెట్టాల్సి వస్తే అది అసలుది కాదని పక్కనే రాసి పెట్టండి.

పొగ పసిగట్టే అలారాలు, కెమెరాలకు తీగలు అటకమీదుగా లాగండి, ముందు గోడలు తొలవొద్దు. 2023 డిసెంబరులో అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇంటిమీద ఒకరు పెట్రోలు పోసి అంటించబోతే, అక్కడ ఉన్నవాళ్లు అడ్డుకున్నారు. ఈ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి.