మొగి పురుగా, ఆకుముడతా? రెక్క చూసి తేల్చుకోండి

సార్వా (ఖరీఫ్) అయినా దాళ్వా (రబీ) అయినా వరి దుబ్బు కదిపితే పసుప్పచ్చ రెక్కల పురుగులు లేస్తాయి. అవి కాండం తొలిచే మొగి పురుగువో, ఆకులు ముడిచి తినే ఆకుముడతవో కావచ్చు. ఏదో తెలియకుండా మందు కొడితే డబ్బు దండగే.

రెక్కలు నలగకుండా ఒకదాన్ని చిన్న డబ్బాలో పట్టి, ఫ్రిజ్‌లో 10 నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కదలకుండా కూర్చుంటుంది. తెల్ల కాగితం మీదకు దింపి ముందు రెక్కలు చూడండి. ఒక్కో రెక్క మధ్యలో ఒకే నల్ల చుక్క ఉంటే అది మొగి పురుగు ఆడది. పొట్ట చివర పసుపు నూగు కుచ్చు కూడా కనిపిస్తుంది, గుడ్ల మీద కప్పేది ఆ నూగే. ఆ కుచ్చు ఒక్కసారి చూస్తే మళ్లీ పొరబడరు. చుక్క లేకుండా రెక్కకు అడ్డంగా వంకర గీతలు, అంచున ముదురు పట్టీ ఉంటే ఆకుముడత.

లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే ఎర) మాత్రం ఈ చుక్క గుర్తు పనికిరాదు. అందులో పడేవి మగవే. మొగి పురుగు మగది చిన్నగా, లేత గోధుమ రంగులో ఉంటుంది, చుక్క స్పష్టంగా ఉండదు. దీపపు ఎర కింద నీళ్లలో నానినవీ వద్దు, రెక్కల పొడి రాలి గుర్తులు చెరిగిపోతాయి.