ఇంధనం ఖర్చు తగ్గించాలంటే ముందు పట్టుకోవాల్సింది లీటర్ల లెక్క

ధర పెరిగిందని వినగానే నాలుగు రోజులు తిట్టుకుంటాం, ఐదో రోజు మామూలుగా ట్యాంకు నింపించుకుని వెళ్లిపోతాం. ధర మన చేతిలో లేదు, ఎన్ని లీటర్లు తగలేస్తున్నామన్నది మాత్రం చాలావరకు మన చేతిలోదే. కానీ ఎక్కడ ఎంత పోతోందో అడిగితే మనలో చాలామంది నోటికొచ్చిన అంకె చెప్తాం.

అందుకే ముందు ఫుల్ ట్యాంకు లెక్క. ట్యాంకు నిండా కొట్టించి మీటర్ రీడింగ్ రాసుకోండి. మళ్లీ నిండా కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. ఒక్కసారికే నమ్మేయొద్దు, మూడు నాలుగు సార్లు చేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఒకటికి మించి బండ్లు ఉన్న వ్యాపారులు ఇక్కడే పొరబడతారు. ఒక బండి లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తోంది, రిపేరు చేయిస్తే 12 ఇస్తుంది. ఇంకోటి 20 ఇస్తోంది, దాన్ని 25కి తేవచ్చు. ముందు ఏది చూడాలి? ఎక్కువమంది రెండోదే అంటారు, అయిదు పెరుగుతోంది కదా అని. 1000 కిలోమీటర్లకు లెక్కేయండి: రెండో బండి 50 లీటర్ల నుంచి 40కి దిగుతుంది, మిగిలేది 10. మొదటిది 100 నుంచి దాదాపు 83కి దిగుతుంది, మిగిలేది 17. అంటే బాగా తాగే బండినే ముందు షెడ్డుకు పంపాలి, లేదంటే దాన్ని దగ్గరి ట్రిప్పులకు మార్చి దూరం వెళ్లే పనులు రెండోదానికి అప్పగించాలి. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

నడపడంలో ఇంధనం బాగా తినేది వేగం. 80లో పోయే కారును 100కి తీసుకెళ్తే ఎదురుగాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వంద కిలోమీటర్ల దారిలో కలిసొచ్చేది పావుగంట. ఆ పావుగంట అవసరమో కాదో మీరే తేల్చుకోండి. కారు పైన వాడని క్యారియర్ ఉంటే విప్పేయండి, అది గాలికి అడ్డం తప్ప ఇంకెందుకూ కాదు. టైర్లలో గాలి నెలకోసారైనా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఆగి ఉన్న చిన్న కారు ఇంజిన్ కూడా గంటకు సుమారు అర లీటరు తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఫోన్ మాట్లాడటానికి పక్కన ఆపినప్పుడు తాళం తిప్పేయడం అలవాటు చేసుకోండి. ఇంకో మాట, దిగుడులో న్యూట్రల్ చేస్తే ఆదా అన్నది పాత నమ్మకం. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనాన్నే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి తాగుతూనే ఉంటాయి. పైగా బండి మీద పట్టు కూడా తగ్గుతుంది.

మైలేజీ పెంచుతామని అమ్మే పరికరాల జోలికి పోవద్దు. నేనూ ఒకటి కొని నెల రోజులు నోట్‌బుక్‌లో లెక్క రాశాను, ముందున్న అంకే మళ్లీ వచ్చింది, పరికరం అటకెక్కింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి 100కి పైగా పరిశీలించి, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఏదీ లేదని తేల్చింది.

వంటింటి విషయానికొస్తే, నీళ్లు తెర్లడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రమే ఎక్కువ పోతుంది. అప్పుడు సిమ్‌లో పెట్టి మూత వేయడమే. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టే తొందరగా ఉడుకుతుంది, అక్కడ కూడా విజిల్ మొదలయ్యాక మంట తగ్గించండి. గిన్నె అంచులు దాటి పైకొచ్చే మంట గాలిని కాచడానికే పనికొస్తుంది. మంట నీలంగా కాక పసుపుగా వస్తుంటే, గిన్నెల అడుగు మసిబారుతుంటే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించాలి.

వ్యాపారంలో జెనరేటర్ ఉంటే దాని సైజు ఒకసారి చూడండి. ఎప్పుడో పెరిగే లోడ్ కోసం పెద్దది కొని, నాలుగు లైట్లు, ఒక కంప్యూటర్ మీద నడుపుతుంటే యూనిట్‌కు పట్టే డీజిల్ బాగా పెరుగుతుంది, తక్కువ లోడ్ మీద ఎక్కువకాలం నడిస్తే ఇంజిన్ కూడా పాడవుతుంది. చిన్న పనులకు బ్యాటరీ ఇన్వర్టర్ పెట్టి, ఎక్కువ కరెంటు పట్టే పనులన్నీ జెనరేటర్ నడిపే ఒకే గంటలో పడేలా చూసుకోండి. నీళ్లను ఆవిరి చేసే బాయిలర్ ఉన్నవాళ్లకు రెండు అంకెలు గుర్తుంటే చాలు: లోపలికి పోయే నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 శాతం ఇంధనం మిగులుతుంది, పొగ గొట్టం నుంచి పోయే వేడి 22 డిగ్రీలు తగ్గినా దాదాపు అంతే. వాడేసిన ఆవిరి మళ్లీ నీళ్లుగా మారాక, ఆ వేడి నీళ్లను కాలువలోకి వదిలేస్తున్నారంటే ఆ 6 డిగ్రీలు అక్కడే పోతున్నాయి.

ఇక కస్టమర్లతో రేటు మాట్లాడుకునేటప్పుడు, డీజిల్ ధర ఇంత శాతానికి మించి పెరిగితే రవాణా ఛార్జీ ఇంత పెరుగుతుంది, తగ్గితే ఇంత తగ్గుతుంది అని ముందే కాగితం మీద రాసుకోండి. తగ్గినప్పుడు తగ్గిస్తామన్న లైను లేకపోతే ఎదుటివాడు సంతకం పెట్టడు, పెట్టినా తర్వాతి ఏడాది మీ దగ్గరికి రాడు.