వేసవి సెలవుల ముందు చవక ఆండ్రాయిడ్ గేమ్ బాక్స్: కొనేటప్పుడు, కొన్నాక జాగ్రత్తలు

ఏప్రిల్ ఆఖర్లో బళ్లు మూస్తే మళ్లీ జూన్ 12 దాకా పిల్లలు ఇంట్లోనే. బయట 42, 43 డిగ్రీల ఎండ. 'పదివేల గేములు, 8కే, రెండు గేమ్‌ప్యాడ్లు' అని రాసిన, టీవీకి తగిలించి ఆడుకునే డబ్బా మీదికి చూపు పోయేది ఇప్పుడే. కర్నూల్లో అయినా కడపలో అయినా రెండు మూడు వేలు తీసి ఇచ్చేముందు ఇంట్లో టీవీ ఏదో చూసుకోండి. అది గూగుల్ టీవీనో ఆండ్రాయిడ్ టీవీనో అయితే ఈ డబ్బా చేసే పని చాలావరకు టీవీయే చేసిపెడుతుంది. బ్లూటూత్ గేమ్‌ప్యాడ్ ఒక్కటి కొంటే సరిపోతుంది. మామూలు హెచ్‌డీఎంఐ టీవీ ఉన్నవాళ్లు మాత్రం మిగతాది చదవండి.

పదివేల గేములంటే నిజానికి పాత 8-బిట్, 16-బిట్ కన్సోళ్ల ఆటలే. ఒకే ఆట నాలుగు పేర్లతో కనబడుతుంది, పైగా చాలావాటికి లైసెన్సు ఉండదు. రాక్‌చిప్ ఆర్‌కే3229, ఆల్‌విన్నర్ హెచ్3 లాంటి చిప్పులు వాటిని, మొదటి ప్లేస్టేషన్ ఆటలను బాగానే నడుపుతాయి. సోనీ చేతి గేమ్ పరికరమైన పీఎస్‌పీ ఆటలకు వచ్చేసరికి తడబడతాయి. మీవాడు అడిగేది ఫ్రీ ఫైర్, బీజీఎంఐ అయితే డబ్బు దండగే. వేలితో తాకి ఆడేలా చేసిన గేములవి, వాటికి వాడి ఫోనే నయం. పాత ఆటలు చాలనుకునే ఇంటికి రెండు వేల లోపు బాక్స్ పరవాలేదు. అంతకు మించి పెట్టేటట్టయితే గూగుల్ ధ్రువీకరణ ఉన్న బాక్సే కొనాలి.

షాపులో కొంటే "అన్నా, డబ్బా విప్పి టీవీకి పెట్టి చూపించు" అని అడగండి. మొహమాటం వద్దు. ముందు ప్లే స్టోర్ ఉందో లేదో చూడండి. గేమ్ స్టిక్ పేరుతో వచ్చేవాటిలో చాలా వాటిలో ఉండేది ఆండ్రాయిడే కాదు, లైనక్స్ మీద నడిచే ఎమ్యులేటరు, అంటే పాత కన్సోళ్ల ఆటలను ఆడించే ప్రోగ్రాము. ప్లే స్టోర్ ఉంటే సీపీయూ-జెడ్ యాప్ వేసి ఏపీఐ లెవెల్, అంటే ఒక్కో ఆండ్రాయిడ్ వెర్షన్‌కు లోపల ఉండే నంబరు, చదవండి. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 13 అని ఉండి ఇక్కడ 33 కాకుండా 29 వస్తే అది ఆండ్రాయిడ్ 10, 25 వస్తే 7.1. అక్షరాలు మార్చి అతికించారన్నమాట. ర్యామ్‌దీ అదే కథ. పైన చెప్పిన రెండు చిప్పులూ 2 జీబీకి మించి తీసుకోలేవు. వాటి మీద 8 జీబీ అని కనబడితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

స్టోరేజీ మోసం షాపులో పట్టుబడదు, ఇంట్లో చూసుకోవాలి. 64 జీబీ అన్న బాక్సులోకి రెండేసి జీబీల వీడియోలు 20 జీబీ దాకా కాపీ చేసి, అన్నిటికన్నా ముందు ఎక్కించిన వీడియోను ఆడించండి. లోపల నిజంగా ఉన్నది 8 జీబీయే అయితే కాపీ మధ్యలో ఆగుతుంది, లేదా పాత ఫైలు మీదే కొత్తది రాసుకుపోయి మొదటి వీడియో చెడిపోతుంది. డబ్బాతో వచ్చిన మెమరీ కార్డును కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే, కార్డు అసలు సైజు తేల్చే ప్రోగ్రాముతో పరీక్షించాలి. ఆ పరీక్ష కార్డు నిండా రాస్తుంది కాబట్టి ముందే గేములను పూర్తిగా కాపీ తీసి పెట్టుకోండి. ఆ కాపీ ఎలాగూ కావాలి. వేసవిలో ఆట సేవ్ అవుతుండగా కరెంటు పోతే మొదట పాడయ్యేది కార్డే.

అంతకన్నా పెద్ద భయం డబ్బాలోనే దాక్కుని వచ్చే వైరస్. ధ్రువీకరణ లేని ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో చొరబడిన బ్యాడ్‌బాక్స్ 2.0 గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది. కొన్నిట్లో అది అమ్మకానికి ముందే ఉంటుంది, కొన్నిట్లో మొదటిసారి సెట్ చేసేటప్పుడు వేసుకునే యాప్‌తో దిగుతుంది. మీ ఇంటి ఇంటర్నెట్‌ను దారిగా వాడుకుని ఎవరో ఎక్కడో నేరం చేస్తే కనబడేది మీ కనెక్షన్ ఐపీ అడ్రసే. అందుకని యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ రక్షణ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమని అడిగే బాక్సును అక్కడికక్కడే వదిలేయండి. బ్రాండ్ పేరు ఆండ్రాయిడ్ టీవీ వెబ్‌సైట్ భాగస్వాముల జాబితాలో ఉందో చూడండి. అయినా కొన్నారా, రూటర్లో గెస్ట్ వైఫై (మీ ఫోన్లు వాడేదానికి వేరుగా ఉండే వైఫై) పెట్టి దానికే కలపండి. మీ జీమెయిల్ కాకుండా విడిగా ఒక గూగుల్ ఖాతా తెరవండి, దానికి కార్డుగానీ యూపీఐగానీ జోడించకండి. కేవలం పాత ఆటలకైతే నెట్ ఇవ్వకపోవడమే మంచిది.

ఇక కరెంటు సంగతి. ఈ బాక్సులకు ఎక్కువగా 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు చాలాసార్లు అర ఆంపియరే ఇస్తుంది. ఆట మధ్యలో బాక్స్ రీస్టార్ట్ కావడానికి, గేమ్‌ప్యాడ్ కనెక్షన్ తెగిపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే. ఇంకో ప్రమాదం: వైఫై రూటర్ అడాప్టర్ చాలాసార్లు 12 వోల్టులది, గుండ్రటి పిన్ను మాత్రం కొన్ని బాక్సులకు అచ్చంగా సరిపోతుంది. పొరపాటున అది గుచ్చితే బాక్స్ ఆ క్షణమే పోవచ్చు. రెండు అడాప్టర్ల మీదా రంగు టేపు చుట్టి పేరు రాయండి. రూటర్‌కు వాడే మినీ యూపీఎస్‌లో 5 వోల్టుల అవుట్‌పుట్ ఉంటే దానికి కలపండి, కోతల్లో కార్డు బతుకుతుంది. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్- తరువాత ఎనిమిది అంకెల నంబరు లేకపోతే వేరేది కొనుక్కోండి.

ఎండాకాలంలో రేకుల ఇంట్లో, బండల మిద్దెలో మధ్యాహ్నం గది వేడే నలభై దాటుతుంది. ఫ్యాను లేని బాక్సును వేడెక్కిన టీవీ వెనక ఇరికిస్తే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత ఆట ఈడ్చినట్టు అయితే కారణం అదే. జానెడు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ వేసి బాక్సును టీవీ పక్కకు తీయండి. కూలర్ ఎదురుగా మాత్రం వద్దు. బోరు నీళ్ల తుంపరతో ఉప్పు చేరి పోర్టులు చెడతాయి. బ్యాటరీ ఉన్న గేమ్‌ప్యాడ్ అయితే రాత్రి చల్లబడ్డాకే చార్జింగ్ పెట్టాలి. లిథియం బ్యాటరీకి చార్జింగ్‌లో మామూలుగా 45 డిగ్రీలే హద్దు. వీపు ఉబ్బినట్టు కనబడితే ఇక చార్జింగ్ పెట్టొద్దు. మామూలు సెల్స్ వేసేదైతే సెలవులు అయిపోగానే తీసేయండి, లేకుంటే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి.

బిల్లు, వాపసు గడువు, డబ్బా మీద రాసిన ర్యామ్, స్టోరేజీల ఫొటో జాగ్రత్తగా పెట్టుకోండి. షాపువాళ్లు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. వాపసు ఇచ్చేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే చాలదు. ఫోన్లో గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీ తెరిచి, పరికరాల జాబితాలో ఆ బాక్సును సైన్ అవుట్ చేసి, అది వాడిన వైఫై పాస్‌వర్డ్ మార్చాకే డబ్బా వాళ్ల చేతికి ఇవ్వాలి.