నల్లమలకు బయలుదేరే ముందు చూసుకోవలసినవి

శివరాత్రికి మన్ననూరు మీదుగానో దోర్నాల మీదుగానో శ్రీశైలం వెళుతూ దారిలో అడవిని కూడా చూడాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

అడవిలో పొయ్యి పెట్టకండి, బీడీ ముక్క పారేయకండి. ఫిబ్రవరి నుంచి మే వరకు ఇక్కడ ఆకు రాలి నేలంతా ఎండి ఉంటుంది కాబట్టి, ఒక్క నిప్పురవ్వకే నేలమీద గూడు కట్టుకునే పక్షుల గూళ్లు గుడ్లతో సహా కాలిపోతాయి.

మన్ననూరు చెక్‌పోస్టు వేళలను ముందే చూసుకోండి. సాధారణ రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు దారి మూసివేస్తారు.

కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేయకండి. తిండికి అలవాటుపడి రోడ్డెక్కిన కోతులు చక్రాల కింద నలిగిపోతాయి.

వాహనం దిగకండి. ఎలుగుబంటికి చూపు తక్కువ, హఠాత్తుగా మనిషి ఎదురైతే బెదిరి మీదపడుతుంది.

సఫారీలో మాటలు ఆపి చెవులు రిక్కించండి. దుప్పి అరుపు, కొండముచ్చు హెచ్చరిక వినిపిస్తే పులో చిరుతో దగ్గరలో ఉండవచ్చు. మాటల్లో పడితే వాటిని చూసే అవకాశాన్ని మీరే పోగొట్టుకుంటారు.

పులి కనబడిన చోటును ఫోటోతోపాటు వెంటనే బయటపెట్టకండి, వేటగాళ్లూ చూస్తారు.

పెంటల్లో, అంటే అడవిలోని చెంచు గిరిజనుల గూడేల్లో, అడగకుండా ఫోటోలు తీయకండి. అవి వారి ఇళ్లు.