బ్లడ్ కల్చర్‌లో ఈస్ట్ కనిపిస్తే డ్యూటీ డాక్టరు చేయవలసిన పనులు

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఐసీయూలకు వచ్చే రోగుల్లో చాలామంది అప్పటికే వేరొక ఆసుపత్రిలో రెండు మూడు వారాలు గడిపి, వరుసగా యాంటీబయాటిక్స్ వాడి, మెడలోని పెద్ద సిరలోకి వేసిన గొట్టం (సెంట్రల్ లైన్)తోనే చేరుతారు. అటువంటి రోగికి జ్వరం తగ్గకపోతే, ఇంకొక యాంటీబయాటిక్ రాసే ముందు రక్తంలో కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) చేరిందేమోనని ఆలోచించాలి. పేగుకు రంధ్రం పడి ఆపరేషన్ జరిగినా, నరం ద్వారానే పోషకాహారం ఇస్తున్నా, డయాలిసిస్ నడుస్తున్నా, న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) బాగా పడిపోయినా ఆ అనుమానం బలపడాలి. ఈ ఈస్ట్ చాలావరకు రోగి పేగుల్లోనూ చర్మంపైనా ఉండేదే. అదను దొరికితే రక్తంలోకి దిగుతుంది. 2021 తర్వాత బంధువులు మొదట అడిగేది "బ్లాక్ ఫంగసా, డాక్టరుగారూ?" అనే. అది వేరు, ఇది వేరు అని రెండు నిమిషాలు కూర్చొని చెబితే వారి భయం కొంత తగ్గుతుంది.

పెద్దవారికి ఒక విడతలో వేర్వేరు చోట్ల నుంచి మొత్తం 40–60 మి.లీ. రక్తం తీసి కల్చర్‌కు (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు) పంపాలి. అయినా దాదాపు సగం కేసుల్లో కల్చర్ నెగటివ్‌గానే వస్తుంది కనుక, రోగి క్షీణిస్తున్నప్పుడు ఆ రిపోర్టును చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఒక్క సీసాలో ఈస్ట్ పెరిగినా అది కలుషితమని కొట్టివేయరాదు, ఆ రోజే మందు మొదలుపెట్టాలి. కఫంలోనో, లక్షణాలు లేని రోగి మూత్రంలోనో కాండిడా కనిపిస్తే మాత్రం సాధారణంగా చికిత్స అవసరం ఉండదు. ఆచరణలో ఈ రెండూ తారుమారవడం నేను తరచుగా చూస్తున్నాను.

మొదటి మందు ఎకినోకాండిన్ అనే శిలీంధ్రనాశక వర్గానిది కావాలి: కాస్పోఫంగిన్ తొలిరోజు 70 మి.గ్రా., తర్వాత రోజుకు 50 మి.గ్రా.; లేదా మైకాఫంగిన్ రోజుకు 100 మి.గ్రా. మరో శిలీంధ్రనాశక మందు ఫ్లూకోనజోల్ చౌకే. అయితే 27 భారతీయ ఐసీయూల్లో జరిగి 2015లో ప్రచురితమైన అధ్యయనంలో కాండిడా జాతుల్లో అల్బికన్స్ కాక ట్రాపికాలిస్ 41.6 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది, ఆరిస్ కూడా కనిపించింది. క్రూసీ అనే మరో జాతికి ఫ్లూకోనజోల్ సహజంగానే పనిచేయదు, ఆరిస్‌కు చాలావరకు పనిచేయదు. కాబట్టి జాతి ఏదో, దేనికి లొంగుతుందో తేలేవరకు ఆ మందుపై ఆధారపడటం ప్రమాదకరం. కంటికి, మెదడుకు, మూత్రానికి ఎకినోకాండిన్ సరిగా చేరదు. అక్కడ ఇన్‌ఫెక్షన్ ఉంటే వేరే మందు ఎంచుకోవాలి.

సెంట్రల్ లైన్‌ను వీలైనంత త్వరగా తీసివేయాలి. గైడ్‌వైర్ (లోపలికి దూర్చే సన్నని తీగ) మీద అదే చోట కొత్త లైన్ మార్చడం తీసివేయడం కిందికి రాదు. న్యూట్రోఫిల్స్ లేని రోగి విషయంలో మూలం పేగు కావచ్చు కనుక సీనియర్లతో మాట్లాడి నిర్ణయించాలి. ఆపై రోజూ, లేదా రోజు విడిచి రోజు, కల్చర్ తీస్తూనే ఉండాలి. మొదటి వారంలోనే కనుపాప పెద్దదిచేసి కంటి పరీక్ష చేయించాలి. కల్చర్ పాజిటివ్‌గానే కొనసాగితే గుండె కవాటాలను ఎకోతో చూడాలి.

ఇతర అవయవాలకు పాకని రోగికి చికిత్స 14 రోజులు. ఈ లెక్క మందు మొదలైన తేదీ నుంచి కాదు, మొదటి నెగటివ్ కల్చర్ తీసిన తేదీ నుంచి. ఆ తేదీని కేస్‌షీట్ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి. ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత రోగి నిలదొక్కుకొని, కల్చర్ నెగటివ్ అయి, ఈస్ట్ ఫ్లూకోనజోల్‌కు లొంగేదైతే మాత్రలకు మారవచ్చు.

ఆరిస్ అని తేలితే పని పెరుగుతుంది. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి తొలిసారి వర్ణించిన ఈ ఈస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అత్యంత కీలకమైన శిలీంధ్రాల వర్గంలో చేర్చింది. పాత యంత్రాలు దీన్ని హిమ్యులోనీ అనే వేరే జాతిగా తప్పుగా చూపవచ్చు కనుక, ఆ పేరు వస్తే మాల్డీటాఫ్ (ప్రోటీన్లను బట్టి సూక్ష్మజీవిని గుర్తించే యంత్రం)తో నిర్ధారించమని మైక్రోబయాలజీ వారిని అడగాలి. రోగిని విడి గదిలో ఉంచి, గ్లవ్స్, గౌను వాడుతూ, మంచం పట్టెలను సైతం క్లోరిన్ ద్రావణంతో తుడిపించాలి. మామూలు క్వాటర్నరీ అమ్మోనియం క్రిమిసంహారక ద్రావణాలు చాలవు.

రోగి ఊరికి బయలుదేరేటప్పుడు డిశ్చార్జి కాగితంలో ఈస్ట్ జాతి పేరు, నెగటివ్ కల్చర్ తేదీ, మాత్రలు ఆపవలసిన తేదీ స్పష్టంగా ఉండాలి. షుగరుకు గ్లిమెపిరైడ్ గానీ, గుండెకు వార్ఫరిన్ గానీ వాడుతున్నవారికి ఫ్లూకోనజోల్ వాటి ప్రభావాన్ని పెంచుతుంది కనుక, గ్లూకోజ్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం) పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో ఆ కాగితంలోనే తెలుగులో రాసి ఇవ్వండి.