మెసేజులు ఎన్నిసార్లు పంపాలి: ఇంట్లో, ప్రయాణంలో, పనిలో పాటించదగిన పద్ధతి

రోజుకు ఎన్ని మెసేజులు పంపడం సబబు అని అడిగితే అందరికీ వర్తించే అంకె ఒకటి చెప్పడం కుదరదు. తిరుపతిలో గదుల బుకింగులు చూసే లాడ్జి గుమాస్తాకు వంద మెసేజులు రోజువారీ పనిలో భాగం. అదే వంద మెసేజులు ఒక ఇంటి గ్రూపులో పడితే, వాటి నడుమ ఉన్న ముఖ్యమైన సంగతి ఎవరి కంటా పడదు. మన వల్ల అవతలివారి ఫోను రోజుకు ఎన్నిసార్లు మోగుతోందన్నదే ఇక్కడ చూసుకోవలసిన లెక్క.

ముందుగా ఒక వారం పాటు, ఇప్పుడు మీ అలవాటు ఎలా ఉందో గమనించండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ కింద ఉండే ‘నెట్‌వర్క్ యూసేజ్’ తెరిస్తే, పంపిన మెసేజులు ఎన్నో, అందుకున్నవి ఎన్నో కనబడతాయి. అక్కడే ఉన్న రీసెట్ నొక్కి, వారం తర్వాత వచ్చిన అంకెను ఏడుతో భాగిస్తే రోజు సగటు తేలుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ చూస్తే ఏ యాప్ నుంచి ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో కూడా తెలుస్తుంది. అంకె పెద్దదిగా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. ఆ వారం పంపినవాటిని ఒకసారి వెనక్కి వెళ్లి చదివి, ఒకే మాటను ముక్కలు చేసి పంపినవి ఏవో, జవాబు రాకముందే మళ్లీ అడిగినవి ఏవో, పూర్తిగా చదవకుండానే మరొకరికి ఫార్వర్డ్ చేసినవి ఏవో గుర్తించండి. తగ్గించదగినవి చాలావరకు ఈ మూడు రకాల్లోనే దొరుకుతాయి.

ముక్కలుగా పంపే అలవాటును మొదట సరిచేసుకోవాలి. “నాయనా”, “ఉండావా”, “బస్సెక్కినా”, “సీటు దొరకలేదు”, “లేటవుతుంది” అని ఐదుసార్లు పంపితే, మామిడి తోటలో పాదులకు నీళ్లు కడుతున్న తండ్రి ఐదుసార్లు చేతులు తుడుచుకొని ఫోను తీయవలసి వస్తుంది. “నాయనా, బెంగళూరులో బస్సెక్కినాను. రాత్రి తొమ్మిదిన్నరకు చిత్తూరులో దిగుతాను. నా కోసం కాచుకోకుండా మీరు తినేయండి” అని రాస్తే ఒక్కసారితో పని అయిపోతుంది. అవతలివారు స్టాండుకు రావాలా, డబ్బు పంపాలా, ఊరికే తెలుసుకుంటే చాలా అన్నది చివరి వాక్యంలో స్పష్టంగా ఉంటే, తిరిగి అడిగే మెసేజులు కూడా తగ్గుతాయి.

జవాబు రాకముందే మళ్లీ మళ్లీ పంపడం మన ప్రాంతంలో ఎక్కువగా కనబడేది తిరుమల ప్రయాణాల్లో. ఆలయంలోకి సెల్‌ఫోన్లు అనుమతించరు కనుక, దర్శనానికి వెళ్లేవారు ముందుగానే వాటిని కౌంటర్లో అప్పగిస్తారు. సర్వదర్శనానికి రద్దీని బట్టి కొన్ని గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. ఈలోగా ఇంట్లోవారు “ఎక్కడున్నారు?” అని గంట గంటకూ పంపి, జవాబు లేక ఆందోళన పడుతూ ఉంటారు. వాట్సాప్‌లో ఒక్క టిక్కు మాత్రమే కనబడుతుంటే మెసేజ్ అవతలి ఫోనుకు ఇంకా చేరలేదని అర్థం; ఫోను ఆపి ఉండవచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. అప్పుడు ఎన్ని పంపినా అవి పోగుపడడం తప్ప ప్రయోజనం లేదు. కొండకు వెళ్లేవారే ఫోను ఇచ్చేముందు ఒక్క మెసేజ్ పంపడం సరైన పద్ధతి: “అక్కా, ఫోన్లు కౌంటర్లో ఇచ్చేస్తున్నాము. రేపు తెల్లవారుజాముకు బయటికి రావచ్చు. వచ్చినాక నేనే ఫోను చేస్తాను.” అలిపిరి మెట్లదారిలో నడిచి వెళ్లేవారు బయలుదేరేటప్పుడు ఒకటి, కొండపైకి చేరాక ఒకటి పంపితే చాలు. 3,550 మెట్లు ఎక్కుతున్నవారిని దారి మధ్యలో పలకరించి జవాబు కోరడం న్యాయం కాదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున జనసందోహంలో నెట్‌వర్కును నమ్ముకోవడం కంటే, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో నోటిమాటగా ముందే అనుకోవడం మేలు.

ఆసుపత్రి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తిరుపతిలోని రుయాలోనో, స్విమ్స్‌లోనో ఒకరు చేరితే, పక్కన తోడున్న మనిషికి ఇరవై మంది బంధువుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. ప్రతి ఒక్కరిదీ ప్రేమే, అయినా మందుల చీటీ పట్టుకొని తిరిగే మనిషి ఇరవైసార్లు ఒకే జవాబు రాయలేరు. ఇలాంటప్పుడు ఇంటి పెద్దలు ఎవరైనా పూనుకొని ఒక ఏర్పాటు చేయాలి: తోడున్నవారు ఒకే ఒక్క మనిషికి, ఉదయం డాక్టర్లు చూసి వెళ్లాక ఒకసారి, సాయంత్రం ఒకసారి సంగతి చెప్పాలి, ఆ మనిషి దాన్ని మిగతా అందరికీ చేరవేయాలి. బంధువులు జవాబుగా ఏమీ రాయకపోయినా తప్పుగా అనుకోకూడదని కూడా ముందే చెప్పాలి. రక్తం కావాలి, అన్నం తేవాలి, రాత్రికి ఎవరైనా రావాలి వంటి అవసరాలు విడిగా, అవి తీర్చగలవారికే పంపాలి. పరీక్షల రిపోర్టుల ఫొటోలు గ్రూపులో పెట్టకండి. రోగి మళ్లీ మామూలు మనిషి అయ్యాక కూడా అవి అందరి ఫోన్లలో ఉండిపోతాయి.

కీప్యాడ్ ఫోను వాడే పెద్దలకు నేటికీ ఎస్ఎంఎస్సే ఆధారం. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో మొదటి ఎస్ఎంఎస్ వెళ్లింది. ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాల వరకు చోటు ఉంటుంది. ఒక్క తెలుగు అక్షరం చేరినా ఆ పరిమితి 70కి తగ్గుతుంది. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి. కంటికి నాలుగు అక్షరాలుగా కనిపించే ‘తిరుపతి’ అందులో ఏడు. అందుచేత తెలుగులో పొడవుగా రాసిన ఒక మెసేజ్ రెండుగానో మూడుగానో లెక్కలోకి పోతుంది. రోజుకు 100 ఎస్ఎంఎస్‌లు ఇచ్చే ప్లాన్లు వాడేవారు, ముఖ్యంగా పాల సేకరణ కేంద్రాల నుంచి రైతులకు లెక్కలు పంపేవారు, ఇది గుర్తుంచుకోవాలి. అయినా ఆ ఫోనులో తెలుగు సరిగా కనబడేటట్లయితే పెద్దలకు తెలుగు లిపిలోనే రాయమని నా సలహా. వారు మరొకరి చేత చదివించుకోవలసిన అవసరం రాదు. ప్రకటనల ఎస్ఎంఎస్‌లు ఎక్కువై అసలైనవి మరుగున పడుతుంటే, ఇంగ్లీషులో ‘స్టార్ట్’ అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, సున్నా వేసి 1909కు పంపితే వాటిని ఆపమని నమోదు అవుతుంది. ఓటీపీలు మాత్రం వస్తూనే ఉంటాయి.

వ్యాపారంలో మెసేజ్ సాక్ష్యంగా కూడా పనికి వస్తుంది. తోతాపురి మామిడి కోతల కాలంలో బేరమంతా ఫోనులోనే సాగినా, కాయ రకం, టన్ను ధర, లారీ బయలుదేరే సమయం, డబ్బు ఇచ్చే తేదీ ఒకే మెసేజులో రాసి, అవతలివారి చేత “సరే” అనిపించుకోవాలి. ఆ ఒక్కటీ పంపకపోవడం వల్ల వచ్చే తగాదాలు, ఎక్కువ పంపడం వల్ల వచ్చే విసుగు కంటే చాలా పెద్దవి.

ఇక గ్రూపులు. 2018లో వాట్సాప్ భారతదేశంలో ఒక మెసేజును ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి తెచ్చింది. పుకార్ల వల్ల మనుషుల ప్రాణాలు పోయిన కాలమది. యాప్ అనుమతించినంత మేరా పంపాలన్న నియమం ఏదీ లేదు. మీకు తెలిసిన ఎవరికి అది నిజంగా పనికి వస్తుందో వారికే, ఎందుకు పంపుతున్నారో ఒక మాట చేర్చి పంపండి. మోత భరించలేని గ్రూపును వదిలి వచ్చి నొప్పించే బదులు మ్యూట్ చేసి, రోజుకు ఒకసారి తెరిచి చూడవచ్చు. అయితే ఊళ్లో ఒంటరిగా ఉన్న అవ్వ ప్రతి ఉదయం పంపే పూల బొమ్మను ఈ లెక్కల్లో కలపవద్దు. చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు, ఆమె నిద్రలేచి క్షేమంగా ఉన్నదని దాని వల్లే తెలుస్తుంది. దానికి జవాబు ఇవ్వండి. అది రాని రోజున ఫోను చేయండి.

రాత్రి పదింటి తర్వాత గుర్తుకు వచ్చిన విషయాన్ని అప్పుడే రాసి పెట్టుకొని, ఉదయం పంపండి. గూగుల్ మెసేజెస్‌లో పంపే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే, ఎప్పుడు వెళ్లాలో సమయం ఎంచుకోవచ్చు. ప్రమాదం, ప్రసవం, ఛాతీనొప్పి వంటివాటికి వేళాపాళా లేదు. అప్పుడు మెసేజ్ పంపి ఎదురుచూడకుండా, మొదట 108కి, తర్వాత ఇంటివారికి ఫోను చేయండి. వారు ఎత్తకపోతే ఏమి జరిగింది, ఏ ఆసుపత్రికి వెళ్తున్నారు అన్నది ఒక్క మెసేజులో రాసి, పక్కింటివారికి ఫోను చేసి లేపమనండి.